పుస్తకంలో లేని వాక్యం

కిందటి వారం మనల్ని కలవలేకపోయినవాళ్ళ కోసం, కథ ఎక్కడ ఆగిందో ఒకసారి చెప్పుకుని ముందుకు పోదాం.

పదో తరగతికి సాహిత్యం చెప్పే ఆమెను పిల్లలు చాటుగా పేజీ టీచర్ అంటారు. ఊరికే అనరు. ఏ పాత్ర గురించి ఎవరేమన్నా ‘ఏ పేజీలో ఉంది?’ అన్నదే ఆమె మొదటి ప్రశ్న. నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత కొడుతుంది. ఎడమ పక్క విద్యార్థి అన్న మాట. కుడి పక్క దానికి ఆధారంగా పుస్తకంలోని వాక్యం, అక్షరం పొల్లుపోకుండా, పేజీ నంబరుతో సహా. కుడి పక్క ఖాళీగా ఉంటే ఎడమ పక్కది డస్టరుతో తుడిచేస్తుంది. పదహారేళ్ళుగా ఇదే పద్ధతి, ఇదే నవల.

ఆ నవలలో ఒక తల్లి, పెట్టెలో నగ పోయిందని పదిహేనేళ్ళ కూతుర్ని దొంగను చేసి ఇంట్లోంచి వెళ్ళగొడుతుంది. ఆ తల్లి గుండె రాయి, కడదాకా కరగలేదు అని టీచరు ఏటా చెబుతుంది, పిల్లలు ఏటా అదే రాస్తారు. ఈసారి బైండరు కూతురు మాత్రం, తల్లికి నిజం తెలుసనీ, భయపడి అలా చేసిందనీ వ్యాసం రాసింది. కొటేషన్ గుర్తుల మధ్య ఒక వాక్యం కూడా పెట్టింది. పేజీ నంబరు దగ్గర మాత్రం ఖాళీ. టీచరు పుస్తకాన్ని నాలుగుసార్లు జల్లెడ పట్టింది. ఆ వాక్యం లేదు. ఎక్కడిదే అని తరగతి ముందు నిలబెట్టి అడిగితే పిల్ల ఉలకలేదు, పలకలేదు. ‘లేని వాక్యాన్ని కల్పించి ఆధారంగా చూపింది’ అని టీచరు సంతకం పెట్టి పరీక్షల కార్యాలయానికి ఫిర్యాదు పంపింది. ఆ పిల్ల హాల్ టిక్కెట్ ఆగిపోయింది. ఈ మధ్యాహ్నం మూడింటికి హెడ్మాస్టరు గదిలో విచారణ. అక్కడ తేలకపోతే ఏడాది చదువు గంగపాలు.

ఆ పూట టీచరుకు ముద్ద దిగలేదు.

“ఒక సున్నా వేసి ఊరుకోక, పైకి రాయడం ఎందుకమ్మా?” అంది అత్తగారు మజ్జిగ గ్లాసు ముందుకు జరుపుతూ.

“అబద్ధం రాసింది అత్తయ్యా.”

“అబద్ధమని నీకెలా తెలుసు?”

“పుస్తకంలో లేదు కాబట్టి.”

“నీతో వేగడం మా అబ్బాయి వల్లే అవుతుంది. ఉప్పెక్కువైందంటే ఏ ముద్దలో అని అడుగుతావు.”

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇవాళ ఆమెకు నవ్వు రాలేదు. రెండు రోజులుగా ఒకటే సందేహం ఆమెను తొలుస్తోంది. అబద్ధమే ఆడదలుచుకున్న పిల్ల, ఏదో ఒక పేజీ నంబరు కూడా పడేసేది కదా. ఖాళీ ఎందుకు వదిలింది? ఆ సంగతి ఫిర్యాదు రాయకముందే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. కోపం ముక్కు మీద ఉన్నప్పుడు ఏ మనిషికి మాత్రం ఏం తడుతుంది?

హెడ్మాస్టరు గదిలో పొడవాటి బల్ల, దాని వెనక రిజిస్టర్లతో నిండిన ఇనప బీరువా, గోడకు గడియారం. హెడ్మాస్టరు గారికి వచ్చే ఏడు రిటైర్మెంటు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో గొంతు పెంచి ఎరగరు. బల్లకు అటువైపు ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. పక్కన తండ్రి. కూర్చోమన్నా కూర్చోకుండా కుర్చీ వెనక నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లో జిగురు ఎండిపోయి తెల్లగా పొరలు కట్టి ఉంది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నాడు.

“ఎక్కువ సాగదీయడం ఎందుకు,” అన్నారు హెడ్మాస్టరు గారు, టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు తోస్తూ. “ఈ వాక్యం నేనే కల్పించాను అని ఒప్పుకుంటూ సంతకం పెట్టమ్మా. ఈ ఏడు పోతుంది. వచ్చే ఏడు రాసుకోవచ్చు. మచ్చ లేకుండా నేను చూసుకుంటాను.”

పిల్ల పెన్ను ముట్టుకోలేదు. సంతకం పెట్టనని కూడా అనలేదు.

“నోరు విప్పి ఏదో ఒకటి చెప్పు,” అంది టీచరు. గొంతు తను అనుకున్నదానికన్నా మెత్తగా వచ్చింది. “ఎక్కడ చదివావు?”

పిల్ల బల్ల అంచు వైపే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

“టీచరు గారూ,” అన్నాడు బైండరు, “మా చిన్ని రాసిన ఆ మాట ఏంటో నాకు చెబుతారా? అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, నేనింకా వినలేదు.”

టీచరు వ్యాసం తీసి చదివింది. “పెట్టె తెరిచింది నేనే. పిల్ల ముట్టుకోలేదని తెలిసే దాన్ని గడప దాటించాను.”

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

బైండరు మొహంలో ఏ మార్పూ లేదు. ఆ మాట అతనికి కొత్త. “ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?” అని అడిగాడు.

టీచరు తన ప్రతి ఇచ్చింది. అతను దాన్ని తెరిచి చదవలేదు. అరచేతిలో నిలబెట్టి, వీపు మీద బొటనవేలితో తడుముతూ, లోపలి కుట్లు లెక్కపెట్టాడు. ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు మరోసారి. పదహారు పేజీలు కలిపి మడిచిన కట్టను బైండర్లు ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా కుడితే పుస్తకం.

“ఇందులో పదకొండు ఫారాలున్నాయి,” అన్నాడు. “ఇదే పేరుతో, ఇదే రచయిత పేరుతో మొన్నొకటి నా దగ్గరికి కుట్టుకి వచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాలు నేనే అద్దాను కాబట్టి పేరు గుర్తుంది. అందులో పదిహేడు ఫారాలు.” అతను పుస్తకాన్ని బల్ల మీద మెల్లగా పెట్టాడు. “ఈ పుస్తకం మొత్తం లేదండి టీచరు గారూ.”

టీచరు మనసులోనే తేడా లెక్క వేసింది. ఆరు ఫారాలు. తొంభయ్యారు పేజీలు. పదహారేళ్ళలో ఒక్క వాక్యం కూడా ఆధారం లేకుండా మాట్లాడనివ్వని మనిషి, చేతిలో ఉన్నది పూర్తి పుస్తకమేనా అని ఏనాడూ అనుమానించలేదు.

బైండరు కూతురి వైపు తిరిగాడు. “చదివావా?”

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో తెగిపోయింది. “చదివాను నాన్నా,” అంది పిల్ల. “ఫారాలు విడదీసి ఆరబెట్టావు కదా. నువ్వు దారం కొనడానికి వెళ్ళినప్పుడు... మా పాఠం నవలే కదా అని ఒక్క పేజీ చూద్దామనుకున్నాను. మా పుస్తకంలో లేనిది కనిపించింది. ఇంక ఆపలేకపోయాను. పేజీ నంబరు రాస్తే ఏ పుస్తకం అని అడుగుతారు. చెబితే నీ మాట పోతుంది.”

ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. కుట్టడానికి వచ్చినదాన్ని చదవకూడదు. జనం ఏవేవో తెచ్చి ఇస్తారు. వీలునామాలు, డైరీలు, చనిపోయినవాళ్ళ ఉత్తరాలు. తాత కాలం నుంచి ఈ చేతులకు కుట్టడమే తెలుసు. ఎవరు ఏం ఇచ్చారో కూడా పక్కవాడికి చెప్పరు. ఆ నమ్మకం మీదే పొయ్యి వెలుగుతోంది. సంతకం పెట్టడానికీ పెట్టకపోవడానికీ మధ్య ఈ పిల్ల అన్ని రోజులు ఎందుకు నలిగిపోయిందో టీచరుకు అప్పుడు అర్థమైంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“సంగతి ఇంటి దగ్గర మాట్లాడుకుందాం,” అన్నాడు బైండరు కూతురితో. కోపం కన్నా కష్టమే ఎక్కువగా వినపడింది ఆ గొంతులో. కానీ చెయ్యి మాత్రం పిల్ల భుజం మీదికి వెళ్ళింది.

“బావుంది,” అన్నారు హెడ్మాస్టరు గారు. “అయితే ఆ పుస్తకం ఎవరిదో చెప్పు. తెప్పించి చూద్దాం.”

“అది చెప్పకూడదు సార్.”

“చెప్పకపోతే ఎలాగయ్యా? పదిహేడు ఫారాలని నువ్వంటావు, అందులో ఆ వాక్యం ఉందని మీ అమ్మాయంటుంది. చూపించేదేదీ?” ఆయన టీచరు వైపు తిరిగారు. “చూపించలేని మాటను తుడిచెయ్యాలని మీరే కదా చెబుతారు.”

టీచరు చేతిలోని వ్యాసం వైపు చూసింది. తన మాటే. తన పద్ధతే. ఈ మనిషి దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని, ఆ పిల్ల మెడ మీద పెట్టాడు. పద్ధతి తప్పని అనడానికి లేదు. అయినా ఎక్కడో ఏదో తేడా కొడుతోంది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది. పుస్తకం తెరిచింది. ఈసారి కథ మొదలయ్యే చోట కాదు. దానికి ముందు, ఎవరూ చూడని పేజీ. అచ్చయిన సంవత్సరం, ప్రతులు, ప్రెస్సు. అన్నిటికన్నా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘విద్యార్థుల కోసం కుదించినది’ అని ఉంది. పక్కన కుదించినవారి పేరు.

ఆ పేరు ఆమెకు కొత్త కాదు. సెలవు చీటీ పెట్టినప్పుడల్లా దాని అడుగున సంతకంగా చూస్తూనే ఉంది.

ఆమె తలెత్తింది. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“సార్,” అంది టీచరు, “తొంభయ్యారు పేజీలు తీసేసినవాళ్ళు, వాటిని చదవకుండా తియ్యరు కదా.”

“ఆ అమ్మాయినీ వాళ్ళ నాన్ననీ కాసేపు బయట కూర్చోమనండి.”

“వద్దు సార్. వాళ్ళ ముందే చెప్పండి. ఆ వాక్యం ఉందా, లేదా?”

బైండరు చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. చెప్పాల్సింది తను కాదని అతనికి తెలుసు. చెప్పాల్సిన మనిషి ఎవరో కూడా తెలుసు. తెలిసే ఇంతసేపూ పెదవి విప్పలేదు. ఆ మౌనాన్ని నమ్ముకునే హెడ్మాస్టరు ఇంత ధీమాగా కూర్చున్నాడని గ్రహించగానే టీచరుకు ఒళ్ళు మండింది.

“ఉంది,” అన్నారు హెడ్మాస్టరు గారు చివరికి. “రెండు వందల నలభయ్యో పేజీ. కింద నుంచి మూడో పంక్తి.”

పిల్ల వెక్కిళ్ళు ఆగిపోయాయి.

“మరి ఈ కాగితం మీద సంతకం ఎలా అడిగారు సార్? పదహారేళ్ళ పిల్లని, నిజం రాసిన పిల్లని, అబద్ధం రాశానని ఒప్పుకోమని ఎలా అడిగారు?”

ఆయన టైపు చేసిన కాగితాన్ని నాలుగుగా మడిచారు. మడిచాక మళ్ళీ విప్పారు. చేతులకేం పని చెప్పాలో తెలియనట్టు.

“నవల మీద ఉన్నది కలం పేరు,” అన్నారు. “రాసింది మా అక్క. వెళ్ళగొట్టింది ఆవిడనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నవల అచ్చయిన ఏడాదికే అక్క పోయింది. తర్వాత పాఠ్యపుస్తకాల సంఘంలో ఎవరో దీన్ని ఎంచారు. కుదించే పని అడిగి మరీ నేను తీసుకున్నాను. ఆ మాట నవలలో తల్లి అన్నది కాదు, మా అమ్మ అన్నది. అక్కకు ఉత్తరంలో రాసింది, అక్క దాన్ని ఉన్నదున్నట్టు నవలలో పెట్టింది. అది పిల్లలందరూ చదివి, మా ఇంటి ముందు నుంచి పోతూ వేలు పెట్టి చూపిస్తారని... తీసేశాను. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకున్నాను.”

“అమ్మగారికి తెలుసా?”

“కుదించిన పుస్తకం అచ్చయిన రోజే తెలిసింది. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడదు. ‘నేను ఒప్పుకున్న ఒక్క మాటనీ కోసి పారేశావు’ అంది. అదే ఆఖరి మాట. పూర్తి ప్రతులు మాకు తెలిసినంతలో ఇంకెక్కడా లేవు. ఆవిడ దగ్గర ఒకటే ఉంది. ఈయన కుట్టింది అదే. అది మా అమ్మదని ఈయనకీ తెలుసు.”

జాలి పడాలో తిట్టాలో టీచరుకు తెలియలేదు. రెండింటికీ ఇప్పుడు వేళ లేదు. ముందు పిల్ల.

“నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఇప్పుడే రాసిస్తాను,” అంది. తర్వాత ఆ అమ్మాయి ముందుకు వెళ్ళి, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ చెప్పింది. “తప్పు నాది. నువ్వు రాసింది లేదని చెప్పే ముందు, నేను మొత్తం చదివానా లేదా చూసుకోవాల్సింది. తరగతి ముందు అవమానించాను. తరగతి ముందే ఈ మాట మళ్ళీ చెబుతాను.”

పిల్ల తండ్రి వైపు చూసింది.

“మీరు రాసిస్తే చాలదు టీచరు గారూ,” అన్నారు హెడ్మాస్టరు గారు. “ఫిర్యాదు పైకి వెళ్ళిపోయింది. రేపు పదింటిలోగా ఆ పేజీ నకలు అక్కడ చేరితేనే హాల్ టిక్కెట్ వస్తుంది. నా మాటా చెల్లదు, మీ మాటా చెల్లదు. పేజీ కావాలి. నేనడిగితే అమ్మ ఇవ్వదు.”

“నేనడుగుతాను.”

“మందుల దుకాణం పైన రెండు గదుల్లో ఉంటుంది. మీ పిల్లలు బస్సు కోసం నిలబడి పాఠాలు అప్పజెప్పుకునేది ఆ కిటికీ కిందే. ఆ తల్లి గుండె రాయి అని పదహారేళ్ళుగా ఎవరు చెబుతున్నారో ఆవిడకి తెలుసు.”

టీచరు పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుని లేచింది.

మందుల దుకాణం పక్కన ఇరుకు మెట్లు. నాలుగున్నరకు ముగ్గురూ ఎక్కారు. ముందు టీచరు, వెనక అమ్మాయి, అందరికన్నా కింద బైండరు. పైకి రమ్మన్నా అతను మెట్ల మలుపు దగ్గరే ఆగిపోయాడు. నమ్మి పుస్తకం ఇచ్చినవాళ్ళ గుమ్మం ముందు తల ఎత్తుకుని నిలబడే మొహం తనకు లేదన్నాడు.

తలుపు తీసిన ముసలావిడ సన్నగా, నిటారుగా ఉంది. టీచరు తనెవరో చెప్పుకుంది. దాచుకోకుండా ఫిర్యాదు సంగతి చెప్పింది, హాల్ టిక్కెట్ సంగతి చెప్పింది, రేపు పదింటి గడువు చెప్పింది. పిల్ల అనుమతి లేకుండా చదివిన మాట కూడా చెప్పింది. ఆవిడ అంతా విన్నది. లోపలికి రమ్మనలేదు.

“రాయి అని చెప్పేది మీరేనా?”

“నేనేనండి.”

“ఊఁ,” అంది ఆవిడ. అంతే. తర్వాత చూపు పిల్ల మీదికి తిప్పింది. “నువ్వేనా చదివింది?”

“నేనే బామ్మగారూ. తప్పయింది.”

“చదివినందుకు కాదు అడగడం. చదివి ఏమని రాశావు?”

“మీరు... ఆ తల్లి తప్పు చేసిందని రాశాను. కావాలని కాదు, భయపడి చేసిందని రాశాను.”

ముసలావిడ లోపలికి వెళ్ళింది. వచ్చినప్పుడు చేతిలో కొత్త అట్టతో పుస్తకం ఉంది. గడప ఇవతలికి చాపింది గానీ, పిల్ల చేతులు చాచేసరికి వదల్లేదు.

“తెలిసీ వెళ్ళగొట్టానన్నది నేను రాసిన మాటే. అది ఉంది. మరి భయమని ఎక్కడుంది?” అంది. “ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మా అమ్మాయి ఒక్కచోటైనా ఆ మాట అని ఉంటే బావుండునని ప్రతి పేజీ వెతికాను. నాకు కనపడలేదు. నీకు కనపడిందంటే చూపించు. చూపించి పుస్తకం పట్టుకెళ్ళు. కనపడకుండా అన్నావంటే నా మీద జాలిపడి అన్నట్టే. నీ జాలి నాకొద్దమ్మా.”

ఆవిడ చెయ్యి వదిలింది. గుమ్మానికి చేరబడి నిలబడింది. ఆ ముసలి మొహంలో కాఠిన్యం లేదు. ఇన్నేళ్ళుగా అడగడానికి మనిషి దొరకని ప్రశ్న ఒకటి అడిగేసి, జవాబు ఉందేమోనని భయపడుతున్న మొహం అది.

పిల్ల పై మెట్టు మీదే కూర్చుని పుస్తకం తెరిచింది. ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. వేలు ఒక పంక్తి మీద ఆగి, కాదనుకుని మళ్ళీ కదిలింది. సాయం కోసం ఒక్కసారి తలెత్తి టీచరు వైపు చూసింది.

ఇలాంటి ప్రశ్న టీచరు వేల మంది పిల్లల్ని అడిగింది. ఇప్పుడు ఒక్క పిల్లకు జవాబు అందిద్దామంటే, ఆ తొంభయ్యారు పేజీల్లో ఒక్కటి కూడా ఆమె చదవలేదు.